తాతయ్య ఫెల్ట్ టోపీ: ఆయన వేళ్ల నొక్కులు పోకుండా శుభ్రం చేయడం సాధ్యమేనా?

మూడోతరం:
అందరికీ నమస్కారం. నాన్నగారు పోయిన తర్వాత ఆయన గది సర్దుతుండగా, బీరువా పైన ఒక అట్టపెట్టెలో, పాత చొక్కా గుడ్డలో చుట్టి దాచిన బూడిదరంగు ఫెడోరా టోపీ ఒకటి దొరికింది. అది మా తాతయ్యది. చిన్నప్పుడు ఆయన బయటికి వెళ్లేటప్పుడు ఆ టోపీని తలకు పెట్టుకోవడం, ఎవరైనా ఎదురైతే ముందు భాగాన్ని మూడు వేళ్లతో పట్టుకొని కొద్దిగా పైకెత్తడం నాకు బాగా గుర్తు.

దానిని పెట్టెలో ఉంచడానికి నాకు మనసు ఒప్పడం లేదు, ధరించాలని ఉంది. అయితే నాలుగు ఇబ్బందులున్నాయి. రిబ్బన్‌కు కొంచెం పైన చెమట ఎండిన తెల్లటి చారికలున్నాయి. అంచు ఒక వైపు నలిగి కిందికి వంగిపోయింది. వెనుక భాగంలో పురుగు మేసిన సన్నని గీత ఒకటి కనిపిస్తోంది. నాలుగోది ఇబ్బంది అనాలో, ఆస్తి అనాలో నాకే తెలియడం లేదు. ముందు భాగంలో, ఒక పక్క బొటనవేలు పట్టేంత గుంట, రెండో పక్క రెండు వేళ్లు పట్టేంత గుంట ఉన్నాయి. నా వేళ్లు అందులో పెట్టి చూస్తే అచ్చంగా సరిపోయాయి. ఆవిరి పట్టి టోపీని సరిచేయించమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆవిరి పడితే ఆ గుంటలు పోతాయేమోనని నా భయం. అవి పోతే నాకు ఆ టోపీతో పని లేదు.

ఆవిరికెటిల్:
మూడోతరం గారూ, మీ భయం అర్థవంతమైనదే. ఫెల్ట్ అంటే నేసిన గుడ్డ కాదు. కుందేలు, బీవర్ వంటి జంతువుల మెత్తటి బొచ్చుపోగులను వేడినీళ్లలో మళ్లీ మళ్లీ ఒత్తుతూ, చుట్టుతూ ఉంటే ఆ పోగుల మీది సూక్ష్మమైన పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని, మొదట చాలా పెద్దదిగా ఉన్న శంకువు ఆకారం కుంచించుకుపోయి గట్టిపడుతుంది. తడి, వేడి, ఒత్తిడి కలిసి ఇచ్చిన ఆకారాన్ని మళ్లీ తడి, వేడి కలిస్తేనే ఫెల్ట్ వదులుతుంది. అందుకే ఎన్నేళ్లు పెట్టెలో పడి ఉన్నా మీ తాతయ్యగారి నొక్కులు చెక్కుచెదరలేదు. అందుకే టోపీ అంతటికీ ఆవిరి పడితే అయిదు నిమిషాల్లో పోతాయి కూడా.

ఇంకో సంగతి. ఇరవయ్యో శతాబ్దపు మొదటి భాగంలో చాలా టోపీలు క్రౌన్‌కు, అంటే తలను కప్పే పై భాగానికి, ఏ నొక్కూ లేకుండా గుండ్రంగానే అమ్మకానికి వచ్చేవి. మధ్య సొట్ట ఎంత లోతుగా ఉండాలి, ముందు నొక్కులు ఎంత దగ్గరగా ఉండాలి అన్నది కొన్నవారే చేతితో నిర్ణయించుకునేవారు. కాబట్టి మీరు చూస్తున్నది కర్మాగారపు అచ్చు కాకపోవచ్చు.

మీరు చేయవలసింది ఇది. క్రౌన్ జోలికి వెళ్లకండి. మెత్తటి బొచ్చు బ్రష్‌తో, టోపీని పైనుంచి చూస్తే గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో, నూగు వాలిన వైపుగా నెమ్మదిగా దులపండి. ముదురు రంగు టోపీలకు వాడే బ్రష్‌ను దీనికి వాడకండి. అంచు వంగిన చోట మాత్రం కెటిల్ మూతి నుంచి వచ్చే ఆవిరిని కొద్ది క్షణాలు చూపించి, వేళ్లతో సరిదిద్ది, చల్లారే దాకా అలాగే పట్టుకోండి. ఆ సమయంలో క్రౌన్‌ను పొడిగుడ్డతో కప్పి ఉంచితే ఆవిరి అటు పోదు.

ముందు నొక్కుల దగ్గర ఫెల్ట్ పలచబడిందేమో తప్పకుండా చూడండి. ఏళ్ల తరబడి ఒకే చోట పట్టుకుంటే టోపీ చీలేది అక్కడే. చీకటి గదిలో లోపలి నుంచి చిన్న దీపం చూపిస్తే, వెంట్రుక మందం చీలిక ఉన్నా వెలుగు బయటికి కనిపిస్తుంది.

భద్రపేటిక:
నేను ఒక మ్యూజియంలో వస్త్రాల సంరక్షణ విభాగంలో పనిచేస్తాను. ఆవిరి విషయంలో ఒక హెచ్చరిక చెప్పకుండా ఉండలేను.

బొచ్చు త్వరగా, గట్టిగా చిక్కుకోవడానికి పూర్వం దానిని పాదరసపు నైట్రేట్ ద్రావణంతో తడిపేవారు. ఆ ద్రావణం తగిలి ఎండిన బొచ్చు కొసలు క్యారెట్ రంగుకు తిరిగేవి కాబట్టి ఆ పనికి క్యారెట్ పేరే స్థిరపడింది. ఆ బొచ్చుతో పనిచేసినవారి చేతులు వణికేవి, మాట తడబడేది, మనసు స్థిమితం కోల్పోయేవారు. అమెరికాలో టోపీల పట్టణంగా పేరుపొందిన డాన్‌బరీలో ఆ వణుకుకు ఊరి పేరే పెట్టారు. ఆ దేశంలో ఫెల్ట్ పరిశ్రమలో పాదరసం వాడకం 1941 డిసెంబరులో గాని ఆగలేదు. మనం చేతిలోకి తీసుకొని మురిసిపోయే ఆ మృదుత్వం వెనుక ఎందరో శ్రామికుల ఆరోగ్యం ఉందన్న సంగతి, పాత టోపీలను ప్రేమించేవారు మరవకూడదని నా అభిప్రాయం.

ఆ పాదరసం పూర్తిగా పోదు. పాత టోపీలలో దాని అవశేషాలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. వేడి పెరిగితే పాదరసం ఆవిరయ్యే వేగం పెరుగుతుంది. అందువల్ల మీ టోపీ ఏ కాలానిదో తేలేవరకు మూసిన గదిలో ఆవిరి పట్టవద్దు, ఇస్త్రీ పెట్టె అసలే వద్దు, దులిపేటప్పుడు చేతితొడుగులు, ముక్కుకు మాస్కు వాడండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ అనే పరికరంతో టోపీకి ఏ నష్టమూ లేకుండా పాదరసం ఉందో లేదో చూడవచ్చు. విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో ఈ పరికరం తరచుగా ఉంటుంది, అడిగి చూడండి.

పురుగు మేసిన గీత విషయానికి వస్తే, అది పాతదా, పురుగు ఇంకా బతికే ఉందా అన్నది తెలియదు కాబట్టి, టోపీని పాలిథీన్ సంచిలో గాలి చొరకుండా మూసి, దాదాపు మైనస్ 18 డిగ్రీల చల్లదనం ఉండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచిని వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా మూసే ఉంచితే చెమ్మ సంచి మీద పడుతుంది గానీ ఫెల్ట్ మీద పడదు. నాఫ్తలీన్ ఉండలు వేయకండి, ఆ వాసన ఫెల్ట్‌ను ఏళ్ల తరబడి వదలదు.

ఆవిరికెటిల్:
భద్రపేటిక గారూ, కృతజ్ఞతలు. పాదరసం సంగతి విన్నాను గానీ, అది టోపీలోనే ఉండిపోతుందని, ఆవిరి పట్టేవాడికి దానితో నిమిత్తం ఉంటుందని ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లుగా కిటికీలు మూసుకొని పనిచేశాను. నేటి నుంచి 1941కి ముందువని అనుమానం ఉన్న టోపీలకు ఆవిరి పట్టను. మూడోతరం గారు కూడా పరీక్ష అయ్యేవరకు నా మొదటి సలహాను పక్కన పెట్టాలని కోరుతున్నాను.

నల్లరిబ్బన్:
మా నాన్నగారు రంగస్థల నటులు. ఆయనకు ఒక ముదురు ఆకుపచ్చ హోంబర్గ్ ఉండేది. తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజైన బ్రిటన్ రాకుమారుడు జర్మనీలోని హోంబర్గ్ పట్టణం నుంచి తెచ్చి ప్రచారంలోకి తీసుకొచ్చిన టోపీ అది. అంచు చుట్టూ పైకి లేచి ఉంటుంది, అంచుకు రిబ్బన్ కుట్టి ఉంటుంది, పైన మధ్యలో ఒకే పొడవైన సొట్ట తప్ప ముందు నొక్కులుండవు. కాబట్టి మీకు దొరికినట్టు నాకు నాన్నగారి వేళ్ల గుర్తులు దొరకలేదు. నాకు దొరికింది వేరు. లోపలి తోలు పట్టీ మీద, సరిగ్గా నుదురు ఆనే చోట, మేకప్ రంగు పట్టి గట్టిపడిన ఒక మరక ఉంది. గులాబీ, ఇటుక రంగులు కలిసినట్టుంటుంది, అంగుళం వెడల్పు ఉంటుంది. గోటితో తాకితే ఇప్పటికీ మైనంలా కొంచెం జారుతుంది. ప్రదర్శన ముగియగానే ముఖం కడుక్కోకుండా, అదే టోపీతో ఇంటికి వచ్చి నిద్రపోతున్న మమ్మల్ని లేపిన రాత్రుల గుర్తు అది.

దానిని శుభ్రం చేయించమని ఇద్దరు చెప్పారు. నేను చేయించలేదు. ఆ మరకలోని నూనె తోలును మెల్లగా పాడుచేస్తుందని నాకు తెలుసు. తెలిసే ఉంచుకున్నాను.

ఆ టోపీని బాగుచేసేవారి దగ్గరికి తీసుకువెళ్లినప్పుడు ఒక విషయం చూశాను. కుట్టు ఊడిన చోట రిబ్బన్‌ను ఆయన కొద్దిగా పైకెత్తారు. బయటంతా ఎండకు వెలిసి బూడిద కలిసిన ఆకుపచ్చగా మారిన ఆ ఫెల్ట్, రిబ్బన్ కింద మాత్రం కొన్ననాటి రంగుతో, తడిసిన ఆకులా ఉంది. నాన్నగారు ఆ టోపీని నా పుట్టుకకు ముందే కొన్నారట. ఆయన మొదటిసారి తలకు పెట్టుకున్నప్పుడు ఉన్న రంగు ఆ వేలెడు పట్టీలోనే మిగిలింది. మూడోతరం గారూ, రిబ్బన్‌ను మాత్రం ఎవరినీ ఉతకనివ్వకండి. తడిస్తే అది కుంచించుకుపోతుంది, రంగు దిగి ఫెల్ట్‌కు అంటుకుంటుంది.

ఏడుంబావు:
నేను ఈ మధ్యనే పాత టోపీలు కొనడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఎవరూ ఫెల్ట్ టోపీ ధరించినవారు కారు, అందుకే మీ అందరి జ్ఞాపకాలను ఆశగా చదువుతున్నాను. కొనేటప్పుడు బొచ్చు ఫెల్ట్‌ను ఉన్ని ఫెల్ట్ నుంచి ఎలా వేరుచేయాలి? కొలతలు కూడా అర్థం కావడం లేదు. ఒకే కొలత రాసి ఉన్న రెండు టోపీలు కొంటే ఒకటి సరిపోయింది, ఒకటి బిగుతుగా ఉంది.

ఆవిరికెటిల్:
కొలత సంగతి తేలికైనది. తల చుట్టుకొలతను వ్యాసంగా మార్చి అంగుళాల్లో రాస్తే వచ్చేది అమెరికా కొలత. 57 సెంటీమీటర్ల తలకు 7 1/8, 59 సెంటీమీటర్ల తలకు 7 3/8. బ్రిటిష్ టోపీలలో అదే తలకు ఎనిమిదో వంతు అంగుళం తక్కువ రాస్తారు. అంటే బ్రిటిష్ టోపీలో 7 అని ఉంటే అది అమెరికా 7 1/8తో సమానం. మీరు కొన్న రెండూ చెరో దేశానివై ఉండవచ్చు. దానికి తోడు పాత తోలు పట్టీ ఎండి కుంచించుకుపోతుంది కాబట్టి, రాసి ఉన్న కొలతను నమ్మకుండా లోపల టేపు పెట్టి కొలుచుకోవడమే మంచిది.

బొచ్చు ఫెల్ట్ పలచగా, నున్నగా ఉంటుంది. అంచును మెల్లగా వంచి వదిలితే తన చోటికి తిరిగి వస్తుంది. ఉన్ని ఫెల్ట్ మందంగా, గరుకుగా ఉంటుంది, వానలో తడిస్తే ఆకారం తప్పుతుంది. లోపల ముద్రించిన ఎక్స్ గుర్తులను చూసి బీవర్ బొచ్చు ఎంతుందో లెక్కవేయకండి, ఆ గుర్తులకు అన్ని తయారీదారులూ పాటించిన ఉమ్మడి ప్రమాణం లేదు. బోర్సలినో 1857లో, స్టెట్సన్ 1865లో మొదలైన సంస్థలు. అంత పాత పేర్లున్నవాటిలో నకళ్లు కూడా ఉంటాయి కాబట్టి పేరును కాదు, ఫెల్ట్‌ను చేత్తో పట్టుకొని చూసి కొనండి.

మూడోతరం:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. ఈ లోగా జరిగినదంతా వరుసగా చెబుతాను.

టోపీని మొదట ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాను. తర్వాత చేతితొడుగులు వేసుకొని, లోపలి తోలు పట్టీని జాగ్రత్తగా బయటికి మడిచి చూశాను. పట్టీ వెనుక అతికించిన చిన్న కాగితపు చీటీ మీద యునైటెడ్ హ్యాటర్స్, క్యాప్ అండ్ మిలినరీ వర్కర్స్ అనే కార్మిక సంఘం పేరు ఉంది. అంటే టోపీ అమెరికాలో తయారైంది. అది మా ఇంట్లో ఎవరికీ తెలియని విషయం. కొలత 7 3/8. అదే పట్టీ వెనుక ముందువైపు నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితపు పట్టీ కూడా ఉంది. చెమటకు టీ రంగు తిరిగింది, మడతల దగ్గర చిల్లులు పడ్డాయి. విప్పితే లెక్కల పుస్తకంలో నుంచి చింపిన కాగితం, తాతయ్య చేతిరాతతో ఎర్రసిరాలో వేసిన కూడికలు. టోపీ వదులుగా ఉంటే బిగించుకోవడానికి అలా కాగితం పెట్టుకుంటారని నాకు తెలుసు. కానీ సొంతానికి కొనుక్కున్న టోపీ వదులుగా ఎందుకుంటుంది?

నాన్నగారి అక్కయ్య, మా పెద్ద మేనత్త, ఒక్కరే ఇప్పుడు ఉన్నారు. ఆమెకు ఆ కాగితం చూపించాను. చాలాసేపు చేతిలో పట్టుకొని, అది తాతయ్య కొన్న టోపీ కాదని చెప్పారు. తాతయ్యకు అన్నగారు ఒకరుండేవారు. ఓడ మీద ఉద్యోగం. 1950 ప్రాంతంలో చివరిసారి ఇంటికి వచ్చి వెళ్లేటప్పుడు, తన తల మీది టోపీ తీసి తమ్ముడి తల మీద పెట్టి వెళ్లారట. మళ్లీ రాలేదు. టోపీ వదులై కళ్ల మీదికి జారుతుంటే తాతయ్య ఆ రోజే కాగితం మడిచి పెట్టుకున్నారట. పెదతాతయ్య ఒకరున్నారన్న మాటే నేను అప్పటిదాకా వినలేదు.

ఇప్పుడు నా ప్రశ్న మారింది. ఆ నొక్కులు ఎవరివి?

భద్రపేటిక:
చీటీ వల్ల ఒక విషయం తేలుతుంది. ఆ పేరుతో ఆ సంఘం ఏర్పడింది 1934లో, టోపీ పనివారి సంఘం, క్యాప్‌ల పనివారి సంఘం కలిసినప్పుడు. కాబట్టి టోపీ అంతకు ముందుది కాదు. 1941కి ముందుదా, తర్వాతిదా అన్నది చీటీ చెప్పదు, పరీక్ష అవసరమే.

కాగితం గురించి ఒక మాట. దానిని తిరిగి పట్టీ వెనుక పెట్టకండి. చెమట పట్టిన కాగితంలోని ఆమ్లం తోలును, తోలులోని నూనె కాగితాన్ని పాడుచేస్తాయి. ఆమ్లం లేని కాగితంతో చేసిన కవరులో విడిగా ఉంచండి. విప్పిన మడతలను బలవంతంగా చదును చేయవద్దు.

నల్లరిబ్బన్:
పెదతాతయ్యగారి ఫొటో ఏదైనా ఉందేమో మీ మేనత్తగారిని అడగండి. టోపీతో దిగినది ఉంటే ముందు భాగం తెలుస్తుంది.

మూడోతరం:
నల్లరిబ్బన్ గారూ, మీరు అడిగి ఉండకపోతే నాకు తట్టేది కాదు. మేనత్త దగ్గర ఒకటే ఒక ఫొటో ఉంది, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ఓడ డెక్ మీద కటకటాలకు ఆనుకొని పెదతాతయ్య నిలబడి ఉన్నారు. భూతద్దం పెట్టి చూశాను. రిబ్బన్ అదే, ఎడమ పక్క రిబ్బన్ ముడి అదే, అంచు అదే. క్రౌన్ మీద మధ్య సొట్ట ఉంది. ముందు భాగం మాత్రం గుండ్రంగా, నున్నగా ఉంది. ఒక్క నొక్కు కూడా లేదు.

ప్రయోగశాలలో పరీక్ష కూడా అయింది. పరికరం పాదరసాన్ని చూపించలేదు. ఆ తర్వాతే, వాకిట్లో గాలి తగిలే చోట, ఆవిరికెటిల్ గారు చెప్పినట్టు క్రౌన్‌ను గుడ్డతో కప్పి, అంచు వంగిన చోట మాత్రం ఆవిరి చూపించి సరిదిద్దాను. చెమట చారికలు బ్రష్‌తో సగం పోయాయి, మిగతా సగాన్ని ఉండనిచ్చాను. నొక్కుల దగ్గర దీపం పెట్టి చూస్తే, బొటనవేలు వైపు సూదిమొన అంత వెలుగు కనిపించింది.

కాగితం తీసేశాక టోపీ నాకు సరిగ్గా సరిపోయింది. నా తల 59 సెంటీమీటర్లు.

ఆవిరికెటిల్:
సూదిమొన అంత వెలుగు కనిపించిందంటే ఇక ఆ నొక్కులు పట్టుకొని టోపీ ఎత్తకూడదు. రెండు చేతులతో ముందు, వెనుక అంచులు పట్టుకొని పెట్టుకోండి, తీయండి. తాతయ్యగారిలా మూడు వేళ్లతో ఎత్తాలని మీకు ఉంటుందని తెలుసు, కానీ అది ఎంతోకాలం ఓర్చదు. బల్ల మీద ఉంచేటప్పుడు క్రౌన్ కిందికి, అంచు పైకి ఉండేలా తిరగేసి పెట్టండి, లేకపోతే అంచు చదునై మళ్లీ వంగుతుంది. వానలో తడిస్తే తోలు పట్టీని బయటికి మడిచి, నీడలో, దానంతట అదే ఆరనివ్వండి.

మూడోతరం:
అలాగే చేస్తాను. నిన్న ఉదయం మొదటిసారి దానిని పెట్టుకొని మేనత్త దగ్గరికి వెళ్లాను. ఆమె కుర్చీలో నుంచి లేచి, దగ్గరికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా అంచును ఎడమ వైపు కొంచెం కిందికి దించారు. "అలా కాదురా, నాన్న ఇలా పెట్టుకునేవాడు" అన్నారు. అద్దంలో చూసుకుంటే ఎడమ కనుబొమ సగం కనిపించలేదు.

భద్రపేటిక గారూ, ఒక చివరి సందేహం. పెదతాతయ్య ఫొటోను కూడా కాగితం ఉన్న కవరులోనే ఉంచవచ్చా?

భద్రపేటిక:
వద్దండీ. ఫొటోకు వేరే కవరు వాడండి. రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టుకోవచ్చు. పెట్టెలో ఎవరిది ఏదో పెన్సిల్‌తో ఒక చీటీ రాసి పెట్టండి. మీ మేనత్తగారిని చెప్పమని అడిగి, ఆమె మాటల్లోనే రాయండి.